డార్విన్ దారిలో వియ్యపురాలు

టౌన్స్‌విల్
4 మార్చి 1989

శేషుకుమారి వదినగారికి,

మీ వియ్యపురాలు ఉదయలక్ష్మి నమస్కారాలు. నేను క్షేమం, మీ అబ్బాయి క్షేమం. కారు ఒక్కటే క్షేమంగా లేదు. గేరు మార్చినప్పుడల్లా మూలుగుతోందని ఇక్కడి మెకానిక్‌కి చూపిస్తే, అందులో వేయాల్సిన సామాను బ్రిస్బేన్ నుంచి రావాలన్నాడు. వచ్చేదాకా మకాం ఈ ఊళ్ళోనే.

ఈ సంగతి మీ అబ్బాయి ఫోనులో చెప్పే ఉంటారు. ఫోను ఆయనకి వదిలేసి నేను ఉత్తరం పట్టుకున్నాను. బూత్‌లో ఆయన పక్కనే నిలబడి ఉంటే మీతో నేనేం మాట్లాడగలను? బాగున్నారా, బాగున్నాం, అంతే.

సిడ్నీలో బయలుదేరినప్పటినుంచి వెనక సీట్లోనే కూర్చున్నాను. అల్లుడి పక్కన అత్త ముందు సీట్లో కూర్చుందంటే మా కాకినాడలో ఇంకా వింతే. నోరు విప్పి ఎదురుగా మాట్లాడడమూ మాకు అలవాటు లేదు. అందుకని ఇద్దరం కారుతో మాట్లాడుతున్నాం. "ఎక్కడైనా కాఫీ దొరికితే బాగుండు" అని నేను కిటికీతో అంటాను. "వచ్చే ఊళ్ళో ఆగుదాం" అని అల్లుడుగారు స్టీరింగుతో అంటారు. ఎవరు ఎవరితో అంటేనేం, కాఫీ అయితే వస్తోంది.

ఈ ఉత్తరాది వాతావరణానికి నిలకడ లేదు. చెరకు తోటల మధ్య వస్తుంటే రోడ్డుకి ఈ పక్క వాన, ఆ పక్క ఎండ. ఊరి నడిబొడ్డున పెద్ద గులాబిరంగు కొండ ఉంది. పొద్దున్నే మబ్బులో మాయమైపోయి, కాఫీలయ్యేసరికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ వచ్చి నిలబడుతుంది.

మిమ్మల్ని ఒక్కరినీ హారిస్ పార్క్ ఫ్లాటులో వదిలి వచ్చామన్నది నన్ను బాధపెడుతూనే ఉంది. మా లలితకి డార్విన్ ఆసుపత్రిలో ఉద్యోగం రావడం, అది ముందుగా విమానంలో వెళ్ళిపోవడం, నా పాడుచెవి నొప్పి చూసి డాక్టరు నన్ను విమానం ఎక్కవద్దనడం, అన్నీ చకచకా జరిగిపోయాయి. మీకు సిడ్నీయే ఇష్టమని అల్లుడుగారు చెప్పారు. ఈ ఉక్క చూస్తే మీరు రాకపోవడమే మంచిదైందనిపిస్తోంది. ఉతికిన చీర రెండు రోజులకీ ఆరడం లేదు.

మీ
ఉదయలక్ష్మి


హారిస్ పార్క్
9 మార్చి 1989

ఉదయలక్ష్మి వదినగారికి,

ఉత్తరం అందింది. మా వాడు స్టీరింగుతోనైనా మాట్లాడుతున్నాడంటే సంతోషం. నాతో ఫోనులో "తిన్నావా, మందు వేసుకున్నావా, ఓకే అమ్మా" ఈ మూడే.

ఉక్క అన్నారు. నేను పుట్టి పెరిగింది బందరులో. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

నా గురించి మీరు బాధపడనక్కర్లేదు. వాళ్ళ నాన్నగారు పోయాక వాడు నన్ను ఇక్కడికి తీసుకొచ్చి ఆరేళ్ళయింది. స్టేషను పక్కన కూరల కొట్టు తెలుసు, డాక్టరు తెలుసు, ఆదివారం భజనకి వచ్చే నాలుగిళ్ళవాళ్ళు తెలుసు. ఫ్లాటు సంగతే తేలాలి. ఉంచుకుంటారో వదిలేస్తారో ఏప్రిల్ నెలాఖరులోగా చెప్పమని ఏజెంటు అడుగుతున్నాడు. ఒక్క మనిషికి ఇంత ఇల్లెందుకు? భజనకి వచ్చే రామ్మోహన్ గారింట్లో వెనక గది ఖాళీగా ఉందట. వాళ్ళ పాపని చూసుకుంటూ అక్కడే ఉండిపొమ్మంటున్నారు. ఒకసారి అక్కడ చేరితే ఇక కదలడం ఉండదు. ఆలోచిస్తున్నాను.

మీకేం వదినగారూ, కూతురింట్లో హాయిగా ఉంటారు.

అచ్యుత్ మధ్యాహ్నం మజ్జిగన్నం తినకపోతే తలనొప్పి తెచ్చుకుంటాడు. మీకు నేను చెప్పడమేమిటని మానేశాను. మళ్ళీ మనసు ఊరుకోక రాస్తున్నాను.

శేషుకుమారి


మౌంట్ ఐసా
16 మార్చి 1989

వదినగారికి,

కారు నోరు మూసుకుంది, మేం బయల్దేరాం. మీ ఉత్తరం సరిగ్గా టౌన్స్‌విల్ వదిలే పూట అందింది. బందరు మాట మరిచిపోయి ఉక్క గురించి మీకే చెప్పాను, నాకు బుద్ధి లేదు. మజ్జిగన్నం సంగతి రాయడం ఎంతో మంచిదైంది. మోటెల్ గదిలో పాలు తోడుపెట్టి, ఆ గిన్నెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను. ఇప్పుడాయనకి తలనొప్పి లేదు. తోడు పెట్టిందెవరని అడగరు, తోడుకుందని సంతోషిస్తారు.

సముద్రం వెనకబడ్డాక దేశమే మారిపోయింది. రోజంతా నల్లరేగడి మైదానం. చెట్టు లేదు, మనిషి లేదు. ఎక్కడో దూరాన వాన కురుస్తుంటే ఆ వాన మొత్తం, మొదలూ చివరా కనిపిస్తుంది. మన దగ్గరికి వస్తుందా రాదా అని పందెం వేసుకోవచ్చు. వచ్చింది. టైరు పంక్చరైన సమయానికే వచ్చింది. నన్ను కారులోంచి దిగనివ్వకుండా మీ అబ్బాయి ఒక్కరే తడుస్తూ టైరు మార్చారు. నేను కిటికీలోంచి గొడుగు చాపాను కాని అది ఆయన భుజం దాకా కూడా అందలేదు. తువ్వాలు ఇస్తే కారుకి థాంక్స్ చెప్పారు.

ఈ ఊరి చుట్టూ ఎర్రటి కొండలు. వానలకి వాటి మీద పలచగా పచ్చిక మొలిచింది. ఊరి మధ్యలో గని, దాని పొగగొట్టాలు. సాయంత్రం కొండల మీద మెరుపులు చూస్తూ మోటెల్ ముందు కూర్చున్నాను. ఈగలు కూర్చోనివ్వలేదు. అన్నం ముద్ద నోటి దాకా వెళ్ళేలోపు రెండు ఈగలు ఎక్కుతాయి. మీరు ఇలాంటివి పడలేరు. ఇంటిపట్టున ఉండడమే నయం.

రామ్మోహన్ గారింట్లో గది మంచి ఆలోచనే. పిల్ల కబుర్లతో మీకు పొద్దుపోతుంది.

ఇకమీదట కేథరిన్ అనే ఊరి పోస్టాఫీసుకి రాయండి. మా పేరు రాసి అక్కడే ఉంచమంటే ఉంచుతారట.

మీ
ఉదయలక్ష్మి


హారిస్ పార్క్
21 మార్చి 1989

వదినగారికి,

నా బిడ్డని వానలో నిలబెట్టి మీరు లోపల కూర్చున్నందుకు నేనేమీ అనుకోలేదు. వాడే దిగనివ్వలేదన్నారు, నమ్ముతున్నాను.

కాని ఒకటి మాత్రం రాయక తప్పదు. నన్ను రావద్దని ఇన్ని విధాలుగా చెప్పనక్కర్లేదు. మొదటి ఉత్తరంలో ఉక్క, రెండో ఉత్తరంలో ఈగలు. మూడో దాంట్లో పాములొస్తాయేమో. రామ్మోహన్ గారి వెనక గది మంచి ఆలోచన అన్నారు. ఆ మాట మీ నోట వింటానని నేననుకోలేదు. పరాయివాళ్ళ పిల్లకి జడలు వేసుకుంటూ ఉండమని వియ్యపురాలికి సలహా ఇచ్చే ముందు ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది.

నేను సిడ్నీ ఇష్టపడి ఉండిపోయానని మీకు వాడు చెప్పాడు. ఎలా ఉండిపోయానో నేను చెబుతాను. డార్విన్ ఖాయమైన రోజు, భోజనాల దగ్గర "నువ్వు కూడా వస్తావా అమ్మా?" అన్నాడు. "నేనెందుకురా, మీరు వెళ్ళండి" అన్నాను. "ఓకే అమ్మా, నీ ఇష్టం" అని పెరుగు వేసుకున్నాడు. అంతే. కోడలు తలెత్తి నన్ను చూసింది, ఏమీ అనలేదు. అడగడం ఒక్కసారే. నేను వద్దనడం కోసమే అడిగినట్టుంది. మిమ్మల్ని మాత్రం కారులో రమ్మని ఇద్దరూ ఎంతసేపు బతిమాలారో వంటింట్లోంచి విన్నాను.

పోనివ్వండి. వాడి ఇంట్లో నా చోటు మీకు దక్కింది. అల్లుణ్ణి బాగా చూసుకోండి. ఏప్రిల్ నెలాఖరుకి రామ్మోహన్ గారికి సరేనని చెప్పేస్తాను.

శేషుకుమారి


బార్‌క్లీ మైదానం, దారిలో ఒక పెట్రోల్ బంకు
24 మార్చి 1989

వదినగారికి,

కేథరిన్‌లో మీ ఉత్తరం నా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నేను మాత్రం రెండు వాగుల మధ్య చిక్కుకుని ఉన్నాను. ముందు వాగు పొంగింది. వెనక్కి తిరుగుదామంటే వెనకదీ పొంగింది. మధ్యలో ఈ బంకు, దాని వెనక నాలుగు గదులు, మాతోపాటు ఆగిపోయిన పెద్ద పెద్ద లారీలు. రైలుబండిలా మూడేసి పెట్టెలు తగిలించుకుని వెళ్ళే లారీలు ఇవి. వాన నాలుగు రోజులుగా వస్తోంది, పోతోంది.

మీ అబ్బాయి మాత్రం పెళ్ళివారింటికి వచ్చినంత ఉత్సాహంగా ఉన్నారు. వంతెనలు కట్టే ఇంజనీరు కదా. పొద్దున, సాయంత్రం వాగు దగ్గరికి వెళ్ళి, రోడ్డు పక్క పాతిన లోతు కొలిచే స్తంభం చూసి వచ్చి "ఇంకొంచెం పెరిగింది" అని నాకు వినపడేలా గోడతో చెబుతారు.

ఇక్కడి పుట్టల గురించి రాయాలి. రోడ్డు పొడుగునా చెదపుట్టలే. కొన్ని మోకాలెత్తు, కొన్ని మనిషెత్తు. పుట్ట కనిపిస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. మొదటి గంట పెట్టాను. తరవాత చేతులు దింపడం మానేసి అలాగే పట్టుకు కూర్చున్నాను. అద్దంలోంచి అల్లుడుగారు చూసి "వాటిలో పాములుండవండీ, చెదలే" అని రోడ్డుకి చెప్పారు. కావచ్చు. కాని నిన్న బంకు వెనక బట్టలు ఆరేసిన చోట ఒక పాము కనిపించింది. వంటావిడ చీపురుతో తోలేసి వచ్చి మాకు టీ ఇచ్చింది.

నా తిండికి లోటు లేదు. బియ్యం, చారుపొడి నా దగ్గరున్నాయి. లారీవాళ్ళకి కూడా చారు పోశాను. ఒకతను రెండోసారి గ్లాసు చాపాడు. ఇంత పాట్లలోనూ ఒక్కటే తృప్తి. మీరు ఈ బురదలో మాతో లేరు, పొడిగా మీ ఇంట్లో ఉన్నారు.

ఏ వాగు ముందు తగ్గితే అటు వెళ్ళే లారీ అతని చేత ఈ ఉత్తరం పోస్టు చేయిస్తాను.

మీ
ఉదయలక్ష్మి


కేథరిన్
31 మార్చి 1989

వదినగారికి,

నీళ్ళు తగ్గి ఈ ఊరు చేరాం. మీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. బంకు దగ్గర రాసిన ఉత్తరం అప్పటికే లారీలో వెళ్ళిపోయింది. పాములొస్తాయేమో అని మీరు రాశారు, నిజంగానే పాము గురించి రాసి పంపాను. ఏం చేయను చెప్పండి.

అల్లుడుగారు కారు దగ్గర నిలబడి ఉన్నారు. వెళ్ళి ముందు తలుపు తీసుకుని ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన కంగారుపడ్డారు.

"చెవి నొప్పా అండీ?"

"చెవి బాగానే ఉంది. మీ అమ్మగారిని డార్విన్ రమ్మని ఎన్నిసార్లు అడిగారు?"

నేను ఆయన మొహం చూసి మాట్లాడడం అదే మొదలు.

"అడిగానండీ. వద్దంది. షి లైక్స్ సిడ్నీ, అత్తయ్యగారూ. ఫోర్స్ చేయడం కరెక్ట్ కాదని ఊరుకున్నా."

"అన్నంలో ఆవిడ మారు వడ్డించబోతే మీరేమంటారు?"

"చాలమ్మా అంటాను."

"అప్పుడు?"

"వేసేస్తుంది."

"తింటారా, లేచిపోతారా?"

"తింటాను."

అంటూనే కారు స్టార్టు చేశారు, మళ్ళీ ఆపేశారు. "అమ్మ రావాలనుకుందా?" అన్నారు, ఈసారి కారుతో కాదు, నాతోనే. మీ ఉత్తరం ఆయన చేతికివ్వలేదు. ఆడవాళ్ళం మనం రాసుకున్నది. ఒక్క ముక్క మాత్రం చెప్పాను, పెరుగు వేసుకున్న ముక్క. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి వదినగారూ. అది మీకు తెలియాలి.

మా కాకినాడలో పెళ్ళి భోజనాల్లో, వద్దని విస్తరికి చెయ్యడ్డం పెట్టినవాళ్ళకే ముందుగా గారె వేస్తాం. ఆ చెయ్యి నిజం అడ్డమా, ఉత్తుత్తి అడ్డమా అన్నది వడ్డించేవాడు చూసుకోవాలి. మీ అబ్బాయి కుర్రతనంలోనే ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళున్నారు. ఇక్కడ వద్దన్నవాళ్ళని మళ్ళీ అడిగితే అమర్యాద. తల్లి దగ్గర కూడా అదే మర్యాద పాటించారు. ఆయన మళ్ళీ అడగలేదని మీరు బాధపడ్డారు, ఆయన మీరు రానన్నారని బాధపడ్డారు. లలిత అయితే మూడు గదుల ఇల్లు తీసుకుంది, ఒకటి మీకని. మీరు రానన్నాక ఆ గదిలో అట్టపెట్టెలు పేర్చిందట. అత్తగారు కాదన్నాక కోడలు బలవంతం చేస్తే బాగుంటుందా అని అది నోరు మూసుకుంది. దానికి ఆ మర్యాద నేర్పింది నేనే.

ఇక నా ఉత్తరాల సంగతి. మీరు కోరి ఉండిపోయారనుకున్నాను. ఇక్కడి అందాలు ఏకరువు పెడితే మీకు వెలితిగా ఉంటుందని, ఏరి ఏరి కష్టాలే రాశాను. మీరు తీసుకున్న నిర్ణయం మంచిదని చెప్పడమే నా ఉద్దేశం. రామ్మోహన్ గారి గది బాగుందన్నదీ అందుకే. నిజం చెప్పాలంటే ఆ మాట రాస్తుంటే నాకే చేదుగా ఉంది.

రాయకుండా దాచుకున్నవి ఇప్పుడు రాస్తాను. వాగుల మధ్య ఉన్నన్నాళ్ళూ సాయంత్రం వాన ఆగగానే మైదానమంతా కప్పలు అందుకునేవి. ఆకాశం ఇంత పెద్దదని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నిన్న ఇక్కడ పడవ ఎక్కాం. నదికి రెండు వైపులా ఎర్రటి రాతిగోడలు, మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. మధ్యలో వాన పట్టుకుంది. చూస్తుండగానే ఆ గోడల మీదనుంచి ఇక్కడొకటి, అక్కడొకటి జలపాతాలు పుట్టుకొచ్చాయి. లెక్క పెట్టేలోపు ఇంకొన్ని. వాన తగ్గాక ఒక్కొక్కటే సన్నబడి ఆగిపోయాయి. పడవలో అందరూ తడిసి ముద్దయ్యారు, ఒక్కరూ విసుక్కోలేదు. నేను ఏడ్చాను, వానలో ఎవరికీ తెలియలేదు. మీరు పక్కన ఉంటే బాగుండుననుకున్నాను.

మీ చోటు నాకు దక్కిందన్నారు. నా వీసా ఆగస్టుతో సరి. కాకినాడలో మీ అన్నయ్యగారు హోటలు భోజనం చేస్తూ కోర్టుకి వెళ్తున్నారు, పదిరోజులకొక ఉత్తరంలో ఇడ్లీని తిడుతున్నారు. నేను వెళ్ళిపోతాను. కూతురింట్లో ఉండగానే తిరుగు ప్రయాణం మాట ఎత్తితే ఏం లోటు జరిగిందో అనుకుంటారని మీకు రాయలేదు.

తుఫాను గాలికి ఇక్కడ ఫోన్లు పనిచేయడం లేదు. బాగుపడగానే మీ అబ్బాయి చేస్తారు. ఈలోగా నేనడుగుతున్నాను. రండి వదినగారూ. మీరు వద్దన్నా అడుగుతాను.

మీ
ఉదయలక్ష్మి


హారిస్ పార్క్
12 ఏప్రిల్ 1989

వదినగారికి,

మీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. ఖర్మకాలి పాముది ముందు విప్పాను. కోపంతో రామ్మోహన్ గారింటికి ఫోన్ చేయబోయి, రెండోది కూడా చదివే చేద్దామని కూర్చున్నాను. చదివాక ఆ ఫోన్ చేయలేదు.

మిమ్మల్ని మాట అన్నాను. మనసులో పెట్టుకోకండి. బురదలో ఇరుక్కుని కూడా నేను పొడిగా ఉన్నానని సంతోషించిన మనిషిని పట్టుకుని, నా చోటు లాక్కున్నారని రాశాను. సిగ్గుగా ఉంది. మీ మంచితనం నాకు అర్థం కాకపోవడంలో మీ తప్పు కూడా కాస్త ఉంది. ఇకమీదట బాగున్నది బాగుందనే రాయండి.

ఉగాది నాడు ఒక్కదాన్నే పచ్చడి చేసుకుని తింటుంటే అచ్యుత్ ఫోన్ చేశాడు. డార్విన్ చేరామన్నాడు. తరవాత "అమ్మా, వచ్చెయ్" అన్నాడు. నేను "ఎందుకురా ఇప్పుడు" అన్నాను. మళ్ళీ అడిగాడు. ఎండలన్నాను. బందరు ఎండలకంటేనా అన్నాడు, అది మీరు నేర్పిన మాటే అయి ఉంటుంది. నాకక్కడ ఎవరు తెలుసన్నాను. "నేను తెలుసు కదమ్మా" అన్నాడు. ఫోను పెట్టేశాక పచ్చడి సంగతే మరిచిపోయాను.

అప్పటినుంచి రోజూ సాయంత్రం చేస్తున్నాడు. రోజూ అడుగుతున్నాడు. రోజూ వద్దంటున్నాను. నిన్న లలిత ఫోను తీసుకుని అట్టపెట్టెలు తీసేశానత్తయ్యా, మంచం తెచ్చానంది. మంచమెందుకమ్మా, చాప చాలన్నాను. నేను ఏడుస్తున్నానని దానికి తెలిసిపోయినట్టుంది.

మీకొక్కరికే చెబుతున్నాను. ఫ్లాటు వదిలేస్తున్నానని ఏజెంటుకి చెప్పేశాను. విమానం కాదు, బస్సుకి టికెట్టు తీసుకున్నాను. మధ్యలో దిగి ఆగి మళ్ళీ ఎక్కే టికెట్టు. మీరు చూసినవన్నీ చూడకుండా మీ ఎదుట కూర్చోవడం నాకిష్టం లేదు. కేథరిన్‌లో పడవ ఎక్కుతాను. వాన పడితే సరే, పడకపోతే ఇంకోరోజు ఉంటాను. పుట్టలకి మాత్రం ఊరికొక దణ్ణమే పెడతాను, అంతకంటే నావల్ల కాదు.

సామాను సర్దుతుంటే రామ్మోహన్ గారి భార్య వచ్చింది. "ఉండిపోకూడదా పిన్నిగారూ, గది సిద్ధంగా ఉంది" అంది. లేదమ్మా అన్నాను. అయితే సరే అంది. మళ్ళీ అడగలేదు. హమ్మయ్య అనుకున్నాను.

శనివారం బయల్దేరుతున్నాను. ఇరవై రెండున బస్సు డార్విన్ చేరుతుంది. ఆ మధ్యలో ఇక్కడ ఫోను ఎవరూ ఎత్తరు, వాడు కంగారుపడతాడు. అందుకని చూసిపోవడానికి వస్తున్నానని బస్సు సంగతి చెప్పండి. ఉండిపోవడానికి ఒప్పుకున్నానని మాత్రం చెప్పకండి. వాడు అడగడం ఆపేస్తాడు. ఇంకొక్కసారి నా ఎదురుగా నిలబడి అడగనివ్వండి. బస్సు దిగాక సరే అంటాను.

శేషుకుమారి